ఎల్‌డీ కవరు మెత్తన, హెచ్‌ఎం కవరు గరగర: కొమ్మలున్న పాలిమర్ల మీద మీ ప్రశ్నలు

కిందటి సంచికలో పాలిమర్ అంటే ఏమిటో రాస్తూ, చిన్న చిన్న అణువులు వరసగా కలిసి కట్టుకున్న పొడవాటి గొలుసు అన్నాను. కొన్ని గొలుసులకి పక్కకి కొమ్మలు కూడా వస్తాయని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ వాక్యం పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, అందులోనూ విశాఖ నుంచే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం కొమ్మలకే.

పూర్ణా మార్కెట్‌లో మాది కవర్ల కొట్టు. ఎల్‌డీ కవరు మెత్తగా, అద్దంలా ఉంటుంది, లాగితే సాగుతుంది. హెచ్‌ఎం కవరు పల్చగా ఉన్నా బిరుసుగా ఉంటుంది, ముట్టుకుంటే గరగరమంటుంది. రెండూ పాలిథీనే అంటారు. మరి ఒకదాంట్లో ఏం కలుపుతారు?
– ఒక వ్యాపారి, పూర్ణా మార్కెట్

ఎల్‌డీ అంటే లో డెన్సిటీ, సాంద్రత తక్కువ రకం. హెచ్‌ఎం అంటే హై మాలిక్యులర్ వెయిట్, అది హెచ్‌డీ అనే హై డెన్సిటీ రకంలోనిదే. తేడా కలిపేదాంట్లో లేదండీ. రెండింటికీ ముడిసరుకు ఇథిలీన్ వాయువే, రెండింట్లోనూ ఉన్నది కార్బన్, హైడ్రోజనే. తేడా అంతా గొలుసు ఆకారంలో ఉంది.

భీమిలి వైపు సరుగుడు కర్రలు లారీకెక్కించడం మీరు చూసే ఉంటారు. కొమ్మలు కొట్టేసిన నున్నటి కర్రలు ఒకదాన్నొకటి ఆనుకుని సందు లేకుండా సర్దుకుంటాయి, లోడు బరువు తూగుతుంది. అదే లారీలో తుమ్మకంప వేస్తే ఎంత తొక్కినా మధ్యలో గాలే, లారీ నిండినట్టు కనిపిస్తుందిగానీ తూకం రాదు. హెచ్‌ఎం కవరులో గొలుసులు సరుగుడు కర్రల్లాంటివి, ఎల్‌డీలో గొలుసులు కంపలాంటివి. ఎల్‌డీ గొలుసు మీద ప్రతి వెయ్యి కార్బన్లకి ఇరవై ముప్ఫై దాకా పొట్టి కొమ్మలుంటాయి, హెచ్‌ఎంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అందుకే ఎల్‌డీ సాంద్రత (ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో) 0.91 నుంచి 0.93 మధ్య, రెండోదాని సాంద్రత 0.94 నుంచి 0.97 దాకా. అంకెల్లో తేడా చిన్నదే, కానీ మీ చేతికి తెలిసే మెత్తదనం, బిరుసు, ఆ చప్పుడు అన్నీ అక్కడి నుంచే వస్తాయి. గొలుసులు వరసగా సర్దుకున్న భాగాన్ని స్ఫటికం అంటాం. ఎల్‌డీలో ఆ భాగం సగం అటూఇటూగా ఉంటుంది, హెచ్‌ఎంలో మూడొంతుల దాకా వెళ్తుంది. స్ఫటికాలు తక్కువగా, చిన్నవిగా ఉంటే వెలుతురు చెదరకుండా దాటిపోతుంది, అందుకే మీ ఎల్‌డీ కవరు అద్దంలా ఉంటుంది. కరిగే వేడి కూడా మారుతుంది: ఎల్‌డీ 110 డిగ్రీల దగ్గర కరిగితే హెచ్‌ఎం 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టిఫిన్ సెంటర్లలో పొగలుకక్కే సాంబారుని మెత్తటి ఎల్‌డీ కవరులో పోస్తే అది జావలా వాలిపోయేది ఇందుకే. వేడి వేడి తిండి ఏ కవరులోనూ పోయకపోతేనే మంచిదని నా గట్టి అభిప్రాయం, గిన్నె తెచ్చుకోమని మీ దగ్గరికొచ్చే టిఫిన్ సెంటర్ల వాళ్లకి చెప్పండి.

మరి కొమ్మలు ఎలా వచ్చాయంటే, ఎవరూ కావాలని పెట్టినవి కావు. 1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో ఐసీఐ కంపెనీ ల్యాబులో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే ఇద్దరు ఇథిలీన్‌ని బెంజాల్డిహైడ్‌తో కలిపి 170 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటిన ఒత్తిడి పెట్టి చూశారు. వాళ్లనుకున్న రసాయనం రాలేదు, పాత్ర లోపల మైనంలాంటి తెల్లటి పదార్థం అంటుకుని ఉంది. మళ్లీ చేస్తే సరిగా రాలేదు. 1935లో మైకేల్ పెర్రిన్ బృందం దాన్ని తిరిగి సాధించింది, లోపలికి చేరిన పిసరంత ఆక్సిజనే చర్యని మొదలుపెడుతోందని తర్వాత తేలింది. 1939కల్లా ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది, యుద్ధంలో రాడార్ కేబుళ్ల మీద తొడుగుగా పనికొచ్చింది.

ఆ ఒత్తిడిలో, ఆ వేడిలో పెరుగుతున్న గొలుసు చివర ఒక ఫ్రీ రాడికల్ ఉంటుంది, అంటే జత దొరకని ఎలక్ట్రాన్. అది కుదురుగా ఉండదు. తేలు కొండిని వీపు మీదికి వంచినట్టు గొలుసు కొస వెనక్కి తిరిగి, తన ఒంటి మీదే ఐదో కార్బన్ దగ్గరున్న హైడ్రోజన్‌ని లాక్కుంటుంది. ఇప్పుడు రాడికల్ ఆ ఐదో కార్బన్ దగ్గరికి మారింది కాబట్టి గొలుసు అక్కడి నుంచి పెరుగుతుంది, పాత కొస నాలుగు కార్బన్ల పొట్టి కొమ్మగా పక్కన మిగిలిపోతుంది. ఒక్కోసారి తన గొలుసు నుంచి కాకుండా పక్క గొలుసు నడుము నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, అప్పుడు ఆ నడుము మీద నుంచి చాలా పొడవాటి కొమ్మ మొలుస్తుంది. పొట్టి కొమ్మలు స్ఫటికాన్ని చెడగొడతాయి. పొడవాటి కొమ్మలు కరిగిన ప్లాస్టిక్ నడకని మారుస్తాయి. కవర్లు ఊదే యూనిట్లో బుడగ పైకి లేవడం చూశారా? ఎల్‌డీ బుడగ ఊగకుండా నిలబడటానికి ఆ పొడవాటి కొమ్మలే కారణం, సాగదీసేకొద్దీ అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుస్తాయి.

1953లో జర్మనీలోని ముల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలు కలిపిన ఉత్ప్రేరకంతో మామూలు ఒత్తిడిలోనే, కొమ్మలు దాదాపు లేని పాలిథీన్ చేసి చూపించాడు. మీ హెచ్‌ఎం ఆ వంశానిదే. ఇంకొకటి కూడా మీ కొట్టుకి వస్తూ ఉంటుంది, ఎల్‌ఎల్‌డీ, అంటే లీనియర్ లో డెన్సిటీ. అందులో ఉత్ప్రేరకంతోనే గొలుసు కడుతూ, మధ్య మధ్యలో బ్యూటీన్, హెక్సీన్, ఆక్టీన్‌లాంటివి కావాలని కలిపి, కావలసినన్ని పొట్టి కొమ్మలు మాత్రం తెప్పిస్తారు. పొడవాటివి ఉండవు. గుచ్చితే అంత సులువుగా చిరగదు, అందుకే పాల ప్యాకెట్ల ఫిల్ములో ఎల్‌డీతో పాటు దీన్ని కలుపుతారు.

ఒక్క మాట: 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు దేశమంతా నిషేధం. ఆ లెక్కలో ఎల్‌డీ, హెచ్‌ఎం తేడా లేదు.

మా నాన్న, నేను బోటు మీద వెళ్తాం. వల తాడు కూడా పాలిథీనే అని కొట్టువాడు చెప్పాడు. మెత్తగా ఉంటుంది కదా, ఎల్‌డీతో వల ఎందుకు అల్లరు?
– ఒక యువకుడు, జాలారిపేట

ట్రాల్ వలల తాడు హెచ్‌డీ పాలిథీన్, అంటే కొమ్మలు లేని రకం. తాడు చేసేటప్పుడు దారాన్ని వేడిమీద పొడవునా చాలా రెట్లు సాగదీస్తారు తమ్ముడూ, అప్పుడు గొలుసులన్నీ లాగిన వైపుకి తిరిగి వరసగా పడుకుంటాయి, లాగే బలమంతా గొలుసు మీదే పడుతుంది. ఎల్‌డీని అలా లాగితే కొమ్మలు అడ్డం పడి గొలుసులు వరసకి రావు. చేప బరువుకి సాగిపోయే వల ఎవరికి కావాలి? గిల్ వలలకి వాడే నైలాన్‌లో కూడా గొలుసు సరళంగానే, అంటే కొమ్మల్లేకుండానే ఉంటుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి గ్లిజరాల్, థాలిక్ ఎన్‌హైడ్రైడ్‌తో రెసిన్ చేస్తున్నాను. మధ్యాహ్నం దాకా తేనెలా ఉంది. టీకి వెళ్లి వచ్చేసరికి ఫ్లాస్కులో గడ్డకట్టి, స్టిర్రర్ కూడా ఇరుక్కుపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. కొమ్మలున్న పాలిమర్ వస్తుందని పుస్తకంలో ఉంది, మరి ఇదేమిటి?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

బాబూ, టెన్షన్ వద్దు. ముప్ఫై ఏళ్ల కిందట నాకూ ఇదే జరిగింది, ఫ్లాస్కు పగలగొట్టి తీయాల్సి వచ్చింది. నీ ఫ్లాస్కులో మొదట వచ్చింది కొమ్మలున్న పాలిమరే. తర్వాత కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోయి మొత్తం ఒకే ఒక్క వలగా మారింది. ఈ తేడా మనసులో బాగా పెట్టుకో, ఎందుకంటే పరీక్షల్లో సగం మంది ఇక్కడే తడబడతారు. కొమ్మలున్న గొలుసు ఎంత గుబురుగా ఉన్నా అది విడి అణువే, ద్రావణిలో కరుగుతుంది, వేడికి ప్రవహిస్తుంది. గొలుసుల మధ్య వంతెనలు పడితే అది క్రాస్‌లింక్, ఇక కరగదు, నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉబ్బుతుంది అంతే. నీ గడ్డలోంచి చిన్న ముక్క తీసి అసిటోన్‌లో ఒక రాత్రి ఉంచి చూడు, నీకే తెలుస్తుంది.

ఇది ఎప్పుడు జరుగుతుందో ముందే లెక్కగట్టవచ్చు. పాలిమర్ శాస్త్రవేత్త వాలెస్ కారొథర్స్ లెక్క ఇలా ఉంటుంది: గ్లిజరాల్‌కి మూడు చేతులు, అంటే వేరే అణువుతో కలిసే చోట్లు, థాలిక్ ఎన్‌హైడ్రైడ్‌కి రెండు. చేతుల లెక్క సరిపోవాలంటే 2 మోల్ గ్లిజరాల్‌కి 3 మోల్ థాలిక్ తీసుకుంటాం, అంటే 5 అణువులకి 12 చేతులు, సగటున 2.4. రెండుని ఆ సగటుతో భాగిస్తే 0.833, అంటే చర్య 83 శాతం దాటేసరికి గడ్డకట్టాలి. మరో పాలిమర్ శాస్త్రవేత్త పాల్ ఫ్లోరీ సంభావ్యత లెక్కతో ఇదే మిశ్రమానికి 71 శాతం దగ్గరే గడ్డకట్టాలని వస్తుంది. అసలు ప్రయోగంలో ఈ రెండింటి మధ్య ఎక్కడో గడ్డకడుతుంది. కారొథర్స్ సగటు గొలుసు పొడవు అనంతమయ్యేదాకా ఆగాడు, కానీ సగటు అంత పెరగకముందే కొన్ని పెద్ద అణువులు ఫ్లాస్కు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అల్లేసుకుంటాయి. ఫ్లోరీ ఏమో ఒకే అణువులోని రెండు చేతులు తమలో తాము కలిసిపోయి వృథా అయ్యే సంగతిని లెక్కలోకి తీసుకోలేదు. నువ్వు టీకి వెళ్లిన పది నిమిషాల్లో జరిగింది ఇదే: గడ్డకట్టే బిందువు దగ్గర చిక్కదనం నెమ్మదిగా పెరగదు, ఒక్కసారిగా ఎగిసిపోతుంది.

మళ్లీ చేసేటప్పుడు మూడో పదార్థం వెయ్యి, సోయా నూనెలోని కొవ్వు ఆమ్లంలాంటిది. దానికి ఒక్కటే చెయ్యి, అది కొమ్మ కొసకి వెళ్లి ఆ దారి మూసేస్తుంది. గ్లిజరాల్ 1, థాలిక్ 1, కొవ్వు ఆమ్లం 1 మోల్ వేస్తే 3 అణువులకి 6 చేతులు, సగటు సరిగ్గా 2, కారొథర్స్ లెక్కలో అయితే ఇక గడ్డకట్టదు. గుమ్మాలకీ గ్రిల్సుకీ వేసే ఎనామెల్ పెయింటులో ఉన్న ఆల్కిడ్ రెసిన్ ఈ లెక్క మీదే నడుస్తుంది, కొమ్మలుగా డబ్బాలో ఉంటుంది, గోడకో తలుపుకో పూశాక గాలిలోని ఆక్సిజన్‌తో వలగా మారి ఆరిపోతుంది. అరగంటకొకసారి నమూనా తీసి యాసిడ్ వాల్యూ, అంటే ఇంకా ఎంత ఆమ్లం మిగిలిందో చూడు, చిక్కదనం చూడు, చివరి గంటలో మాత్రం ఫ్లాస్కు వదిలి ఎక్కడికీ వెళ్లకు.

రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి పలుకుపలుకుగా గట్టిపడుతుంది. మా బంధువులు ఈశాన్య రాష్ట్రాల నుంచి తెచ్చిన జిగురు బియ్యం వండితే మాత్రం అంత గట్టిపడలేదు. దీనికీ మీ కొమ్మలకీ సంబంధం ఉందా?
– ఒక గృహిణి, గాజువాక

ఉందమ్మా, నేరుగా ఉంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. బియ్యంలోని పిండిపదార్థం రెండు రకాల గొలుసుల కలయిక. రెండూ గ్లూకోజ్ పూసలతో కట్టినవే. ఒకటి అమైలోజ్, దాదాపు కొమ్మలు లేనిది. రెండోది అమైలోపెక్టిన్, దాని మీద 24 నుంచి 30 పూసలకొక కొమ్మ. మనం తినే పొడిపొడి అన్నంలో అమైలోజ్ పాలు ఎక్కువ, జిగురు బియ్యంలో అది దాదాపు శూన్యం. ఉడికినప్పుడు సరళమైన అమైలోజ్ గింజలోంచి బయటికొస్తుంది. చల్లారాక, సరుగుడు కర్రల్లాగే, ఆ గొలుసులు పక్కపక్కన చేరి మళ్లీ స్ఫటికాలు కడతాయి, మధ్యలో ఉన్న నీటిని నెట్టేస్తాయి, అన్నం పలుకవుతుంది. గంజి చల్లారితే పైన మీగడలా పేరుకుని గడ్డకట్టేదీ ఇందుకే. అమైలోపెక్టిన్‌కి కొమ్మలు అడ్డం కాబట్టి అది సర్దుకోవడానికి గంటలు చాలవు, రోజులు పడుతుంది.

ఇదే కథ మన ఒంట్లో ఇంకా అందంగా నడుస్తుంది. తిన్న గ్లూకోజ్‌ని కాలేయం, కండరాలు గ్లైకోజెన్‌గా దాస్తాయి. అదీ గ్లూకోజ్ గొలుసే, కానీ కొమ్మలు మరీ దగ్గర, 8 నుంచి 12 పూసలకొకటి. ఎందుకంత గుబురు? గొలుసుని విప్పే ఎంజైమ్ కొసల నుంచే పూసలు తీయగలదు. సరళ గొలుసుకి తీయడానికి పనికొచ్చే కొస ఒక్కటే ఉంటుంది, గుబురు చెట్టుకి వేల కొసలుంటాయి, ఒకేసారి అన్నింటి దగ్గరా పని మొదలవుతుంది. బస్సు కదిలిపోతుంటే మీరు పరుగెత్తి ఎక్కగలుగుతున్నారంటే ఆ కొసల పుణ్యమే. కొమ్మలు పెట్టే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పిల్లలుంటారు, ఆండర్సన్ వ్యాధి అంటారు, చాలా అరుదు. వాళ్లలో గ్లైకోజెన్ కొమ్మలు తక్కువై పొడవాటి గొలుసులుగా తయారవుతుంది, సరిగా కరగక కాలేయంలో పేరుకుని దాన్ని దెబ్బతీస్తుంది. పూసలు అవే, లోపించినవి కొమ్మలు మాత్రమే.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు మేం ఇల్లు వదిలి పరుగెత్తినవాళ్లం. స్టైరీన్ కూడా పాలిమర్ అయ్యే పదార్థమే కదా, ఆ ట్యాంకులో ఏం జరిగింది? అక్కడా ఇలాంటి గడ్డే కట్టిందా?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

ఆ రోజు మనం 12 మందిని పోగొట్టుకున్నాం, ఈ జవాబు రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి బరువెక్కుతోంది. స్టైరీన్‌కి ఎవరూ ఏమీ కలపకపోయినా వేడి తగిలితే చాలు, తనంతట తానే పాలిమర్ అవడం మొదలుపెడుతుంది. వచ్చే పాలీస్టైరీన్ గొలుసులు దాదాపు సరళమే, వల కట్టవు. ప్రమాదం గొలుసు ఆకారంలో లేదు, వేడిలో ఉంది. ఒక్కో అణువు గొలుసులో కలిసినప్పుడల్లా వేడి పుడుతుంది, ఆ వేడి చర్యని ఇంకా తొందరపెడుతుంది. ద్రవం చిక్కబడేకొద్దీ లోపలి వేడి బయటికి పోవడం కష్టమవుతుంది, చివరికి మిగిలిన స్టైరీన్ ఆవిరై తన్నుకొచ్చేస్తుంది. దీన్ని ఆపడానికి ట్యాంకుని చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకం కొద్దిగా కలిపి ఉంచాలి. ఆ నిరోధకం పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కూడా కావాలి, వారాల తరబడి కదలకుండా పడి ఉన్న ట్యాంకులో అన్ని చోట్లా అవి సమంగా ఉన్నాయో లేదో పైనా కిందా కొలిచి చూడాలి. ఇవి పాత పుస్తకాల్లో ఉన్న విషయాలు, కొత్తగా కనిపెట్టాల్సినవి కావు.

డెండ్రిమర్ అన్న మాట పిల్లలు అడిగారు. అది కూడా కొమ్మల పాలిమరేనా?
– ఒక లెక్చరర్, మధురవాడ

అవునండీ, కొమ్మల్లో అత్యంత పద్ధతైనది. పిల్లలకి ముగ్గుతో చెప్పండి. మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ నాలుగు గీతలు, ప్రతి గీత కొస నుంచి రెండు, వాటి నుంచి మళ్లీ రెండేసి. 1978లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫోగ్ట్లే ఈ దారి మొదలుపెట్టాడు, 1980లలో అమెరికాలో డొనాల్డ్ టోమాలియా పామామ్ అనే కుటుంబాన్ని తయారుచేశాడు. అందులో మధ్యలో ఇథిలీన్‌డైఅమీన్. దానికి మిథైల్ ఎక్రిలేట్ తగిలించాలి, తర్వాత మళ్లీ ఇథిలీన్‌డైఅమీన్ ఎక్కువగా పోయాలి, ఈ రెండు మెట్లూ తిప్పి తిప్పి చేయాలి. కొసలు 4, 8, 16, 32, 64 ఇలా రెట్టింపవుతూ పోతాయి. పదో తరం దగ్గరికొచ్చేసరికి బయట కొసలకి చోటు చాలక ఇరుకైపోతుంది. అణువు బంతిలా గుండ్రంగా ఉంటుంది, పక్కదానితో చిక్కుపడదు, కాబట్టి అంత బరువున్న సరళ పాలిమర్‌తో పోలిస్తే ద్రావణం పల్చగా ఉంటుంది. లోపలి ఖాళీల్లో మందు అణువుని మోయించాలని ప్రయత్నాలు అందుకే జరుగుతున్నాయి.

కష్టమల్లా ప్రతి మెట్టు దగ్గరా శుభ్రం చేయాలి, మిగులు తీసేయాలి, ఖర్చు చాలా ఎక్కువ. అంత పద్ధతి అక్కర్లేకపోతే ఒక చెయ్యి ఒక రకం, రెండు చేతులు ఇంకో రకం ఉన్న అణువులని ఒకే కుండలో వేసి ఉడికించవచ్చు, హైపర్‌బ్రాంచ్‌డ్ అంటారు. ముగ్గు వంకరటింకరగా వస్తుంది, కొన్ని గీతలకి కొమ్మలే రావు, అయినా గడ్డకట్టదు. ఎందుకంటే ఒక్కో అణువులో ఆ మొదటి రకం చెయ్యి ఒక్కటే మిగులుతుంది, వల అల్లాలంటే అది చాలదు. ఫ్లోరీ ఈ సంగతి 1952లోనే లెక్కగట్టి చెప్పాడు.

బీచ్‌లో ఇసుకలో దొరికే పాత కవర్లు పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతున్నాయి. అంటే మట్టిలో కలిసిపోతున్నట్టేనా?
– ఒక కాలేజీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

కాదమ్మా. కొమ్మ మొలిచిన చోట కార్బన్‌కి మూడు కార్బన్లు అంటుకుని ఉంటాయి, దాని మీద మిగిలిన ఒక్క హైడ్రోజన్ పట్టు కాస్త వదులు. ఎండ, ఆక్సిజన్ ముందుగా ఆ హైడ్రోజన్‌నే లాగేస్తాయి, గొలుసు అక్కడ తెగుతుంది. అందుకే ఎండలో వదిలేస్తే మెత్తటి ఎల్‌డీ కవరు హెచ్‌ఎం కంటే ముందే పెళుసెక్కుతుంది. నీ చేతిలో రాలింది కూడా పాలిథీనే, ముక్కలు చిన్నవయ్యాయి అంతే. ఈసారి వెళ్లినప్పుడు కవరు రాలిపోయే దశకి రాకముందే, ఇంకా ముక్కగా ఉండగానే ఏరి తీసుకురా. పొడి అయ్యాక ఇసుకలోంచి దాన్ని ఎవరూ ఏరలేరు.